లైను మీద వరసలు

నేను ఉద్యోగంలో ముగ్గురు ఆడ బాసుల్ని చూశాను. మూడో బాసుని నేనే. కాబట్టి ఇందులో మొదటి ఇద్దరి గురించి చెప్పేవి పూర్తిగా నమ్మండి, మూడో ఆవిడ గురించి చెప్పేవి కాస్త తగ్గించి నమ్మండి.

మా చెల్లెలి మనవరాలు ఈమధ్య ఉద్యోగంలో చేరింది. వాళ్ళ ఆఫీసులో పెద్ద పదవుల్లో ఉన్న ఆడవాళ్ళని వేదిక మీద కూచోబెట్టి, ఆఫీసుల్లో ఆడా మగా తేడాల మీద మాట్లాడించారట. ఒకావిడ "నేనెప్పుడూ నన్ను ఆడదాన్ననుకోలేదు, ఆఫీసర్ననుకున్నాను" అందట. ఇంకొకావిడ "నేను ఆడదాన్నని ఒక్కరోజు కూడా మర్చిపోలేదు, ఎవర్నీ మర్చిపోనివ్వలేదు" అందట. "ఇద్దర్లో ఎవరు రైటు అమ్మమ్మా?" అని ఫోన్ చేసి అడిగింది. ఆ ఇద్దరూ నాకెప్పట్నుంచో తెలుసే, ఒకావిడ తెనాల్లో ఉండేది, ఒకావిడ బాపట్లలో ఉండేది అన్నాను. అది నవ్వింది. నేను నవ్వులాటకి అనలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అసలు పనేంటంటే

ఇప్పుడు ఫోనంటే చేతిలో పట్టుకునేది. అరవైల్లో ఫోనంటే మేము. మీరు ఇంట్లో ఫోను పక్కనున్న పిడి తిప్పితే, ఎక్స్‌ఛేంజీలో మా ముందున్న బోర్డు మీద మీ నంబరు దగ్గర చిన్న రేకు మూత టప్పున కింద పడేది. మేము ప్లగ్గు పెట్టి "నంబర్ ప్లీజ్" అనేవాళ్ళం. మీరడిగిన నంబరు రంధ్రంలో ఇంకో ప్లగ్గు పెడితే మీరూ వాళ్ళూ కలిసేవారు. మేము తీస్తే విడిపోయేవారు. వేరే ఊరికి మాట్లాడాలంటే ట్రంకు కాల్ బుక్ చేసుకుని వంతు వచ్చేదాకా కాచుకోవాలి. లైన్లు తక్కువ, మాట్లాడాల్సినవాళ్ళు ఎక్కువ. అర్జెంటని రెట్టింపు కట్టినవాళ్ళు ముందు, మిగతావాళ్ళు బుక్ చేసిన వరసలో.

ఆ వరస కాపాడ్డమే మా ఉద్యోగం. మిగతాదంతా తాళ్ళూ ప్లగ్గులూ.

కానీ తెలుగులో ఈ వరస అన్న మాటకి ఇంకో అర్థం కూడా ఉంది కదా, చిక్కంతా అక్కడొచ్చింది. మా ప్రాంతంలో బస్సులో పక్కన కూచున్నావిడ దిగేలోపు పిన్ని అయిపోతుంది. ఫోన్లో మా మొహం కనపడదు, పేరు చెప్పకూడదు. అయినా ఆడగొంతు వినపడగానే అవతలివాళ్ళు వరస కలిపేసేవారు. వేమూరు నుంచి ఫోన్ చేసే ధాన్యం వ్యాపారి ఒకడుండేవాడు. "చెల్లెమ్మా, నీ కడుపు చల్లగుండా, గుంటూరు కాస్త ముందు ఇప్పించమ్మా" అనేవాడు. అదే మగ ఆపరేటరు పలికితే, ఆ మనిషే "గుంటూరెప్పుడొస్తుందండి?" అని బుద్ధిగా అడిగేవాడు. మా గొంతు వినగానే ఆఫీసు కాస్తా ఇల్లయిపోయేదన్నమాట. ఇంట్లో అడిగినట్టు అడగొచ్చు, ఇవ్వకపోతే ఇంట్లో అలిగినట్టు అలగొచ్చు. వాళ్ళలో చాలామంది చెడ్డవాళ్ళు కారు. అదే ఇంకా ఇబ్బంది. చెడ్డవాడైతే కోప్పడొచ్చు.

తెనాలి: శకుంతలగారు

నేను నందివెలుగు నుంచి రోజూ బస్సులో తెనాలి వెళ్ళి పనిచేసిన రోజుల్లో మా సూపర్‌వైజరు శకుంతలగారు. బోర్డు ముందు మేము కూచుంటే, ఆవిడ మా వెనక నిశ్శబ్దంగా నడిచేది. గొంతు పెంచడం నేనెన్నడూ వినలేదు. మొదటి వారంలోనే నన్ను పక్కకి పిలిచి చెప్పింది.

"సుభద్రా, ఎవరేమని పిలిచినా పలకొద్దు. కాదనీ అనొద్దు. ‘మీ నంబరు చెప్పండి’ అను. బయట ఎన్ని చుట్టరికాలైనా కలుపుకోండి. లైను మీద ఒకటే వరస, బుక్ చేసిన వరస."

ఆవిడ మాటలకే పరిమితం కాదు. ఒకరోజు ఆవిడ సొంత మేనమామ ట్రంకు కాల్ కోసం ఫోన్ చేశాడు. రద్దీగా ఉందని ఆవిడే ఒక బోర్డు ముందు కూచుంది, అందుకని ఆవిడ మాటలు పక్కనుంచి నేనే విన్నాను, ఆయన మాటలు తర్వాత ఆవిడ చెప్పింది.

"ఏమ్మా శకుంతలా, నేనమ్మా, మావయ్యని."

"మీ నంబరు చెప్పండి."

"అదేంటే, నా గొంతు గుర్తుపట్టలేదా?"

"పట్టానండి. మీ ముందు ఇంకా నలుగురున్నారండి."

ఆ ఆదివారం పళ్ళు తీసుకుని ఆయన ఇంటికి వెళ్ళిందట. ఆయన ఆ ఏడాదంతా మాట్లాడలేదు. "బాధగా లేదా అండీ?" అనడిగితే, "ఉంది. ఆయన కోపం న్యాయమే, నేను చేసిందీ న్యాయమే" అంది.

ఆవిడ గది గుమ్మానికి పెయింటరు ఒకసారి ‘లేడీ సూపర్‌వైజర్’ అని బోర్డు రాసుకొచ్చి తగిలించాడు. ముచ్చటపడి రాశాడు పాపం, పువ్వులు కూడా వేశాడు. ఆవిడ లేడీ అన్న మాట చెరిపించింది, పువ్వులుండనిచ్చింది. ఇంజనీరుగారు ఎందుకండీ అంటే, "మీ గుమ్మం మీద ‘జెంట్ ఇంజనీర్’ అని లేదు కదండి" అంది. డ్రాయింగు మాస్టారైన ఆవిడ భర్త మధ్యాహ్నం సైకిలు మీద క్యారియరు తెచ్చేవాడు. "ఇంట్లో వంటెవరు చేస్తారండీ?" అని మగవాళ్ళు సరదాగా అడిగేవారు. "తినేవాళ్ళం చేస్తాం" అనేది. అంతకుమించి ఒక్క మాట వచ్చేది కాదు. ‘ఆడవాళ్ళం’ అన్న మాట ఆవిడ నోటినుంచి నేను వినలేదు. అందుకు ఆవిడంటే నాకు ప్రాణం. నడక, గొంతు, చీర కుచ్చిళ్ళు పెట్టుకోవడంతో సహా నేను ఆవిడని అనుకరించేదాన్ని.

ఆవిడ పొద్దున్న వస్తే సాయంత్రం ఇంటికెళ్ళేదాకా మంచినీళ్ళు ముట్టేది కాదు. రోజంతా మాట్లాడే పని కదా, గొంతెండిపోకుండా బుగ్గలో లవంగం పెట్టుకునేది. మేమందరం అలాగే లవంగాలు తెచ్చుకునేవాళ్ళం. అది పెద్దవాళ్ళ క్రమశిక్షణ అనుకున్నాను. ఇంత తెలివిగలదాన్ని, ఎందుకని ఒక్కసారి ఆలోచించలేదు.

బాపట్ల: మాణిక్యమ్మగారు

తర్వాత నన్ను బాపట్ల వేశారు. అక్కడి సూపర్‌వైజరు మాణిక్యమ్మగారిని చూసి మొదట్లో నాకు ఒళ్ళు మండేది. నోరు తెరిస్తే ఆడవాళ్ళ మాటే. లైన్‌మెన్‌ని "ఒరేయ్ అబ్బాయ్" అనేది. ఊరందరికీ పిన్ని. ‘ఆడదాన్ని, నాకేం తెలుసు నాయనా’ అంటూ మొదలుపెట్టి, కావలసింది చేయించుకునేది. తెనాల్లో పని నేర్చుకున్న నాకు ఇదంతా ఆఫీసు పరువు తీయడంలా ఉండేది.

ఒకసారి పెద్ద వానలో చీరాల లైను పడిపోయింది. లైన్‌మెన్ ఇద్దరూ వాన తగ్గాక చూద్దామని టీ తాగుతూ కూచున్నారు. ఆవిడ కొంగు నడుముకి చుట్టి గొడుగు తీసింది. "సరే నాయనా, మీరు కూచోండి. మీ పిన్ని ఎక్కొస్తుంది స్తంభం. పడ్డాననుకో, ఈ లావు మనిషిని మోసుకొచ్చేది ఎలాగూ మీరే" అంది. ఇద్దరూ నవ్వాపుకోలేక గ్లాసులు వదిలి పరిగెత్తారు. చీకటి పడేలోపు లైను వచ్చింది. శకుంతలగారు వరసని గుమ్మం బయట ఆపితే, ఈవిడ లోపలికి పిలిచి కూచోబెట్టి పని చెప్పేది.

ఆవిడ ముందు నా తల పూర్తిగా వంగిన రోజు ఇంకోటి ఉంది. పైనుంచి పెద్ద ఆఫీసరు తనిఖీకి వచ్చారు. అందర్నీ నిలబెట్టి ఇక్కడ ఏమేం కావాలో చెప్పండన్నారు. మగవాళ్ళు సైకిళ్ళకి షెడ్డు కావాలన్నారు, ఫ్యానన్నారు, కుర్చీలన్నారు. ఆయన మాణిక్యమ్మగారి వైపు తిరిగారు.

"మా ఆపరేటరు పిల్లలు పొద్దుట్నుంచీ మంచినీళ్ళు తాగరండి. ఎందుకు తాగరో అడగండి" అంది.

ఆయన నవ్వుతూ, "ఎందుకమ్మా?" అన్నారు.

"తాగితే వెళ్ళాలి కదండి. వెళ్ళడానికి లేదు. మగవాళ్ళకి పెరడుంది. మాకు ఎదురింటావిడ దయుంది. ఆవిడ ఊరెళితే అదీ లేదు."

ఆయన మొహం కందిపోయింది. మా ఇంజనీరుగారు పైకప్పు చూస్తున్నారు. ఆవిడ మెత్తగా, "సిగ్గుపడకండి నాయనా, మేం పడ్డది చాలు. రాసుకోండి" అంది. ఆయన రాసుకున్నారు.

ఎండలు ముదిరేలోపు పెరట్లో మాకోసం ఒక గది లేచింది, లోపల గడియతో సహా. మాణిక్యమ్మగారు దానికి కొబ్బరికాయ కొట్టించింది. తర్వాత కూజా ఎత్తుకొచ్చి బోర్డు ముందున్న ప్రతి పిల్లకీ గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చింది. "తాగండే, నిండా తాగండి" అంది. నేను తాగుతూ ఏడ్చాను. తెనాల్లో ఆ లవంగాల సంగతి అప్పుడర్థమైంది నాకు. నేను మహా నిష్ఠ అనుకున్నది ఉత్త దాహం.

సెలవులో తెనాలి వెళ్ళినప్పుడు శకుంతలగారికి ఇదంతా చెప్పాను. "అడగొచ్చని నాకు తోచలేదు సుభద్రా. తోచినా నోరు వచ్చేది కాదు. ఆవిడ గొప్పది" అంది. అసూయ లేకుండా అంది. అది చూసి ఆవిడంటే గౌరవం ఇంకా పెరిగింది.

మాణిక్యమ్మగారిలో లోపం లేదని కాదు. ప్రేమతో మన నిర్ణయాలు కూడా ఆవిడే తీసేసుకునేది. నన్ను ట్రైనింగుకి పంపుతామని పైనుంచి కబురొస్తే, నన్ను అడక్కుండానే "దానికి చంటిపిల్లాడు, ఇప్పుడొద్దు నాయనా" అని చెప్పేసింది. తెలిసి నేను పోట్లాడాను. ఆవిడ నిజంగా తెల్లబోయింది. "నీ మంచికే కదే" అంది. "నా మంచి నన్నడగండి పిన్నీ" అన్నాను. మర్నాడు తనే ఫోన్ చేసి, తొందరపడి చెప్పానని, నన్ను పంపమని అడిగింది. నేను తిరిగొచ్చేదాకా మా పిల్లాడు మా అమ్మ దగ్గర ఎలా ఉన్నాడో వారం వారం కనుక్కుంది. తప్పయిందని తెలిస్తే దిద్దుకోవడానికి ఒక్క రాత్రి కూడా ఎక్కువ తీసుకోని బాసుని ఆ తర్వాత నేను చూడలేదు.

ఇక ఎవరు రైటన్నదానికి నా జవాబు. శకుంతలగారి దగ్గర పని నేర్చుకోండి, మాణిక్యమ్మగారి దగ్గర నోరు నేర్చుకోండి. నేనలాగే అనుకుని, రెండూ వచ్చేశాయన్న ధీమాతో రేపల్లె వెళ్ళాను.

రేపల్లె: విమల

డెబ్బయిల్లో రేపల్లె ఎక్స్‌ఛేంజీ బాధ్యత నాకిచ్చారు. చిన్న ఎక్స్‌ఛేంజీ. నన్ను అందరూ మేడమ్ అనేవారు, నేనూ సరేననుకున్నాను. అక్కడ విమల అనే ఆపరేటరు ఉండేది. ఈపురుపాలెంలో నేతపని చేసే ఇంటి పిల్ల. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఒక్క ఫిర్యాదు నిలబడితే ఇంటికి పంపేసే స్థితి. "మగ్గం గుంటలో కూచునే పని తప్పించుకుని కుర్చీలో కూచునే పనికొచ్చాను మేడమ్, ఇది పోతే మళ్ళీ గుంటే" అనేది నవ్వుతూ.

ఒక మధ్యాహ్నం నేను పోస్టాఫీసుకి వెళ్ళొచ్చేసరికి ఆ పిల్ల మొహం పాలిపోయి ఉంది.

"ఏంటమ్మా?"

"ఒకాయన లైను తీసేశానండి."

ఆ ఒకాయన ఊళ్ళో రైసుమిల్లు యజమాని. మంచి పేరున్న మనిషి, నలుగురికీ సాయపడేవాడు. గుంటూరు ట్రంకు కాల్ బుక్ చేసుకుని, చెల్లెమ్మా, ముందు నాకు కలుపు అన్నాడట. మీ ముందు ఎరువుల కొట్టాయన ఉన్నారండి అందిట విమల. అన్నయ్యకి ఆమాత్రం చెయ్యలేవా అన్నాడట. "నేను మీ చెల్లెల్ని కాదండి, ఆపరేటర్ని" అందిట. దానికాయన ఏదో అన్నాడు. ఈ పిల్ల ప్లగ్గు లాగేసింది.

"ఏమన్నాడు?"

"నేను చెప్పనండి."

"చెబితే నీకే మంచిది."

"నా నోటితో ఆ మాట అనను మేడమ్. ఏమైనా అవనివ్వండి."

మాట్లాడుతున్న మనిషి లైను తీసేయడం ఆపరేటరు చేయగూడని పనుల్లో మొదటిది. ఊరికి మాత్రం అది తప్పుగా కనపడలేదు. ‘నేను మీ చెల్లెల్ని కాదు’ అన్న మాటే కనపడింది. మావైపు మగాడు చెల్లెమ్మా అన్నాడంటే గౌరవం ఇచ్చినట్టు. దాన్ని కాదనడమంటే ఇచ్చిన తాంబూలం మొహాన కొట్టడమే. సొంత చెల్లెలిగా భావించి పిలిస్తే అవమానించి లైను కోసేసిందని ఆయన పైకి రాసి పంపాడు. మా ఇంటి ఓనరమ్మ కూడా, "చెల్లెలన్నాడుగా, మంచి మాటేగా. కాదనడమేంటండీ, పొగరు కాకపోతే?" అంది.

విచారణకి డివిజను ఆఫీసు నుంచి ఆఫీసరుగారు వచ్చారు. మిల్లాయన ఊరి పెద్దలు ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నా గదిలోనే కూచున్నాం. ఆఫీసరు మంచివాడే, ఎవరి అన్నం పోవడం ఆయనకీ ఇష్టం లేదు.

"చిన్న సంగతి మేడమ్. ఆ అమ్మాయి వచ్చి ‘అన్నయ్యగారూ, తప్పయింది’ అంటే చాలు. వీరు కాగితం వెనక్కి తీసుకుంటారు. నేనింక ఏమీ రాయను" అన్నారు.

"అంతేనండి, నాకూ ఆడపిల్లలున్నారు. ఆ పిల్ల ఉద్యోగం తీయించాలని నాకేంటి?" అన్నాడు మిల్లాయన.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్క మాటతో పిల్ల ఉద్యోగం దక్కుతుంది. పక్క గదిలో బోర్డు ముందున్న విమల దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాను. అది హెడ్‌సెట్ తీసి నావైపు తిరిగింది.

"లైను తీయడం తప్పండి. దానికి క్షమించమంటాను. అన్నయ్యగారూ అని మాత్రం అనను."

"ఉద్యోగం పోతుందే."

"పోనివ్వండి. అన్నయ్యా అన్నాననుకోండి, రేపట్నుంచి ఆ బోర్డు ముందు కూచునేది ఆయన చెల్లెలు. ఆపరేటరు కాదు."

ఇంత సూటిగా ఈ మాట శకుంతలగారి నోటా వినలేదు, మాణిక్యమ్మగారి నోటా వినలేదు. ఇరవయ్యేళ్ళు నిండాయో లేదో దానికి. నాకు గుండె నిండిపోయింది, భయం కూడా వేసింది.

విమల లోపలికొచ్చి చేతులు కట్టుకోకుండా నిలబడింది. "ఆపరేటరుగా నేను మీ లైను తీయకూడదండి. తీశాను. క్షమించండి" అంది.

మిల్లాయన ఇంకా ఎదురుచూస్తున్నాడు. ఊరి పెద్దల్లో ఒకాయన, "అన్నయ్యా అనమ్మా, అయిపోతుంది" అన్నాడు బుజ్జగిస్తున్నట్టు. విమల తల అడ్డంగా ఊపింది. ఆఫీసరు నావైపు చూశారు.

శకుంతలగారైతే ఇక్కడ నిశ్శబ్దంగా నిలబడేది, ఆ నిశ్శబ్దంతో పిల్ల ఉద్యోగం పోయేది. మాణిక్యమ్మగారైతే ‘మీ చెల్లెలు అలిగింది అబ్బాయ్, నువ్వే ఊరుకోబెట్టు’ అని అందర్నీ నవ్వించి పంపేది. ఉద్యోగం దక్కేది, పిల్ల చెల్లెలయిపోయేది. ఇద్దర్నీ తల్చుకున్నాను. ఇద్దరి దారీ పనికి రాలేదు.

"విమల ఏమందో కాగితంలో ఉందండి. దానికి మీరేమన్నారో అందులో లేదు. అది కూడా ఆఫీసరుగారికి చెప్పెయ్యండి. అప్పుడు ఎవరు ఎవరికి క్షమాపణ చెప్పాలో వారే చెబుతారు" అన్నాను మిల్లాయనతో.

"ఏదో సరదాకి అన్నాను లెండి."

"ఆ సరదా మాటే చెప్పండి."

ఆఫీసరు కాగితం దగ్గరికి లాక్కుని పెన్ను తీశారు. "చెప్పండి, రాసుకుంటాను" అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు, పాపం. మిల్లాయన పెద్దలవైపు చూశాడు. విమల వైపు చూశాడు. నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. పక్క గదిలో బోర్డు మీద ఎవరిదో మూత టప్పున పడింది. ఎవరం కదల్లేదు.

"ఆ కాగితం ఇటివ్వండి" అన్నాడు చివరికి. తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి విమలతో, "లైను తీసినందుకు మీరు చెప్పారు కదా. సరిపోయిందండి" అన్నాడు. ఆ ‘మీరు’, ఆ ‘అండి’ కష్టంగానే వచ్చాయి. వచ్చాయి కాబట్టి ఆయన్నీ మెచ్చుకుంటాను.

అందరూ వెళ్ళాక విమల వెంటనే బోర్డు దగ్గరికి పోలేదు.

"ఆయనేమన్నాడో మీరు విన్నారా మేడమ్?"

"ఎలా వింటానే, పోస్టాఫీసులో ఉన్నాను కదా."

"మరి అంత ధైర్యంగా అడిగారు?"

"‘చెల్లెలివి కాకపోతే నాకేమవుతావో నువ్వే చెప్పు’ అన్నాడు. అవునా?"

"మాటకి మాట అదేనండి. మీకెలా తెలుసు?"

"చేరిన కొత్తలో నాకూ ఒకాయన అన్నాడు."

"మీరేమన్నారండి?"

"నేనేమీ అనలేదు. అందుకే ఇవాళ ఈయన్నే అనమన్నాను."